విల్హెల్మీనా చదువు ఆమెకి ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేదు

అందరికీ నమస్కారం. సూటిగా విషయంలోకి వెళ్ళిపోతాను, చెప్పాల్సింది చాలా ఉంది.

విల్హెల్మీనా 1709 జులై 3న బెర్లిన్‌లో పుట్టింది. తండ్రి ప్రష్యా రాజు ఫ్రెడరిక్ విలియం, సైనిక రాజు అని పేరు. తల్లి సోఫియా డొరోతియా, ఇంగ్లండ్ రాజు రెండో జార్జికి స్వయానా చెల్లెలు. మూడేళ్ళ తరవాత పుట్టిన తమ్ముడే మనం ఫ్రెడరిక్ ది గ్రేట్ అని చదువుకున్న ఆయన. అందుకే చరిత్ర పుస్తకాల్లో ఈమె ఎక్కడ కనిపించినా ఫ్రెడరిక్ అక్కగారిగానే కనిపిస్తుంది, ఆయన యుద్ధాల మధ్యలో ఒక పేరాలో వచ్చి వెళ్ళిపోతుంది. నాకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది. ఒక ఒపేరా మొత్తం తానే స్వరపరిచిన మనిషి, యూరప్‌లో ఇవాళ్టికీ నిలబడి ఉన్న గొప్ప నాటకశాలల్లో ఒకదాన్ని కట్టించిన మనిషి, తన కాలపు రాజాస్థానం లోపల ఏం జరిగేదో ఎవరూ రాయనంత దగ్గరగా రాసిన మనిషి. ఈమెకి దొరికిన చదువు ఆమె చేత ఏం చేయించింది, ఎక్కడ చేతులు కట్టేసింది అన్నదే ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది.

ముందు చదువు సంగతి. ఆ కాలంలో రాజుగారి కూతురికి చదువు చెప్పించడం అంటే పెళ్ళి సంబంధానికి తయారు చెయ్యడమే. ఫ్రెంచ్ రావాలి, సంగీతం రావాలి, నాట్యం రావాలి, పెద్ద పెద్ద రాయబారులు వచ్చి పరీక్షించినప్పుడు చక్కగా జవాబులు చెప్పాలి. తల్లికి ఒకటే పట్టుదల: ఈ పిల్లని తన మేనల్లుడు, ఇంగ్లండ్ యువరాజుకి ఇవ్వాలి, ఆ ఇంటి పిల్ల అమీలియాని తన కొడుక్కి చేసుకోవాలి. కుండమార్పిడి పెళ్ళిళ్ళు మనకేం కొత్త కాదు కదా. ఆ ఒక్క సంబంధం కోసం విల్హెల్మీనా చిన్నతనం అంతా ఖర్చయిపోయింది. వాళ్ళు ఒప్పుకోవడం, వీళ్ళు బిగుసుకోవడం, మళ్ళీ రాయబారాలు, చివరికి 1730లో మాట పూర్తిగా చెడిపోయింది.

కానీ ఆ చదువు చెప్పినవాళ్ళలో ఒక నిజమైన పండితుడు ఉన్నాడు, లా క్రోజ్ అని, రాజుగారి గ్రంథాలయాధికారి. ఎన్నో భాషలు తెలిసినవాడు. 1724లో ఆయన భారతదేశంలో క్రైస్తవ మతం చరిత్ర మీద ఒక పుస్తకం వేశాడు. మన తరంగంబాడిలో ఉన్న జర్మన్ మిషనరీలతో ఉత్తరాలు నడిపాడు. అంటే బెర్లిన్ కోటలో ఈ పిల్ల ఎదురుగా కూర్చుని పాఠం చెప్పిన మనిషి బల్ల మీద కోరమాండల్ తీరం నుంచి వచ్చిన కాయితాలు ఉండేవన్నమాట.

అదే రోజుల్లో ఇంట్లో ఇంకో గురువు ఉండేది, లేతి అని ఆమెని పెంచే గవర్నెస్. కొట్టేది. మామూలుగా కాదు, ఒళ్ళంతా దెబ్బలు తేలేలా. ఆ పిల్ల నోరు విప్పి తల్లికి చెప్పుకోలేకపోయింది. లేతి వెళ్ళిపోయాక జోన్స్‌ఫెల్డ్ అనే ఆవిడ వచ్చింది, ఆమె దగ్గర విల్హెల్మీనా మళ్ళీ మనిషయింది. తరవాత విల్హెల్మీనాకి పెళ్ళయితే ఆ జోన్స్‌ఫెల్డ్ ఆమె అత్తవారింటికి కూడా వెంట వెళ్ళింది. ఆవిడ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తండ్రి గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఖజానా దుబారా చెయ్యడు, సైన్యం అంటే ప్రాణం, పుస్తకం చూస్తే ఒళ్ళుమంట. కొడుకు ఫ్లూటు వాయించినా, ఫ్రెంచ్ చదివినా కర్ర ఎత్తేవాడు. వేసవి అయ్యాక కుటుంబాన్నంతా వుస్టర్‌హౌజెన్ అనే వేటబంగళాకి లాక్కుపోయేవాడు. అక్కడి వాకిట్లో గద్దలు, ఎలుగుబంట్లు కట్టేసి ఉండేవి, వచ్చిపోయేవాళ్ళ మీదకి దూకేవి. భోజనాలు బయట చెట్టు కింద, వాన పడి కాళ్ళు చీలమండల దాకా నీళ్ళలో ఉన్నా సరే అక్కడే. రాజుగారి పిల్లలు అంటే మనం ఊహించుకునేది ఒకటి, ఆమె రాసి పెట్టింది ఇంకొకటి.

ఒకసారి తల్లి గదిలో అక్కా తమ్ముడూ ఉండగా తండ్రి హఠాత్తుగా వచ్చేశాడట. పిల్లలు అక్కడ కలుసుకోవడం ఆయనకి నచ్చదు. తమ్ముడు మరుగుదొడ్డి ఉండే చిన్న అరలో దూరాడు, ఈమె తల్లి మంచం కిందకి దూరింది. మంచం మరీ కిందకి ఉంది, సరిగా ఊపిరాడదు. రాజు వచ్చి కుర్చీలో కూలబడి నిద్రపోయాడు, రెండు గంటలు. ఆ రెండు గంటలూ వీళ్ళు కదల్లేదు. నవ్వొచ్చే సన్నివేశమే, కానీ అప్పటికి వాళ్ళు పసిపిల్లలు కారు, పెళ్ళీడు వచ్చినవాళ్ళు. ఆ ఇంట్లో భయం ఏ స్థాయిలో ఉండేదో దానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇక్కడ తెలుగువాళ్ళకి పనికొచ్చే ముచ్చట ఒకటి ఉంది. 1727 ప్రాంతంలో హాలె ఊరి నుంచి ఫ్రాంకె అనే మతగురువు రాజుని కలిశాడు. భక్తి అంటే ఆయన లెక్కలో నవ్వు కూడా పాపమే. ఆయన ప్రభావంలో పడి రాజు రోజూ మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ తానే ప్రవచనం చెప్పడం మొదలుపెట్టాడు, నౌకరు కీర్తన ఎత్తుకుంటే అందరూ పాడాలి. అక్కాతమ్ముళ్ళకి నవ్వు ఆగేది కాదు, నవ్వితే తిట్లు. ఒక దశలో రాజ్యం వదిలేసి పల్లెటూళ్ళో బతుకుతానన్నాడు, విల్హెల్మీనా బట్టలు కుట్టి ఉతుకుతుంది, ఇంకో కూతురు బజారుకి వెళ్తుంది అని పనులు కూడా పంచేశాడు. ఆ ఫ్రాంకె స్థాపించిన హాలె సంస్థల నుంచే మద్రాసుకి బెంజమిన్ షుల్జ్ వచ్చాడు, 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు, తిరిగి వెళ్ళాక 1746, 47లలో హాలెలో తెలుగు అక్షరాలతో చిన్న పుస్తకాలు వేశాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చెప్పుకునేవి అవే. అప్పటికి హాలె ఈమె తమ్ముడి రాజ్యంలో ఊరు. మన భాషకి మేలు చేసిన ఆ చోటు ఈ పిల్లల ఇంట్లో మాత్రం ఊపిరి సలపనివ్వలేదు. రెండూ నిజమే, రెండూ చెప్పుకోవాలి.

1730 ఆగస్టులో ఫ్రెడరిక్ ఇల్లు వదిలి పారిపోబోయి దొరికిపోయాడు. సాయం చేసిన స్నేహితుడు కాట్టే అనే సైనికాధికారిని నవంబరు 6న క్యూస్ట్రిన్ కోటలో, ఫ్రెడరిక్ అక్కడ బందీగా ఉండగానే, తల నరికించాడు తండ్రి. విల్హెల్మీనాకి ఈ ప్రయత్నంలో చెయ్యి ఉందని అనుమానం. వార్త తెలిసిన రోజు తండ్రి ఆమెని ముఖం మీద పిడికిలితో గుద్దాడు. పడిపోతుంటే జోన్స్‌ఫెల్డ్ ఆమె తలపాగుడ్డ పట్టుకుని ఆపింది, లేకపోతే తల గోడ చెక్కకి కొట్టుకునేది. తరవాత నెలల తరబడి గదిలో నిర్బంధం, తలుపు దగ్గర సైనికులు.

ఆ గదిలోకే 1731 మే నెలలో మంత్రులు వచ్చి చెప్పారు: వీళ్ళల్లో ఒకర్ని పెళ్ళి చేసుకో, ఒప్పుకుంటే నీ తమ్ముడికి విడుదల దగ్గరవుతుంది. తల్లేమో ఇంగ్లండ్ సంబంధం వదులుకుంటే నా ముఖం చూడనంటోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె బైరాయిట్ యువరాజు ఫ్రీడ్రిష్‌ని ఎంచుకుంది, అంతకుముందు చూడనైనా చూడని మనిషి. నవంబరు 20న పెళ్ళయింది. నాలుగో రోజు రాత్రి నాట్యం జరుగుతుండగా తమ్ముణ్ణి తీసుకొచ్చారు. ఏడాది పైన అయింది చూసి, ఒళ్ళు చేశాడు, ముఖం మారింది, ఎదురుగా ఉన్నా ఆమె గుర్తుపట్టలేదు.

ఇంగ్లండ్ రాణి కావాల్సిన పిల్ల 1732 జనవరిలో ఫ్రాంకోనియాలోని ఒక చిన్న సంస్థానంలో దిగింది. అక్కడి పడగ్గది గురించి ఆమె రాసింది చదివితే మనకి గది మొత్తం కనిపిస్తుంది. మంచం ఎంత కొత్తదంటే, అంటుంది, పదిహేను రోజుల్లో దానికి తెరలే మిగల్లేదు, ముట్టుకుంటే చిరిగిపోయేవి. మామగారి గురించి ఇంకా గట్టిగా రాసింది: ఆయన జన్మలో చదివినవి రెండే పుస్తకాలు, ఒకటి టెలిమాకస్ అనే గ్రీకు యువరాజు కథ, రెండోది ఒక రోమన్ చరిత్ర, రెండూ కంఠతా వచ్చు, అవే చెబుతాడు, వింటుంటే నిద్రొస్తుంది. నేను ఈ మామగారిని తలుచుకుని పూర్తిగా నవ్వలేను, ఎందుకంటే పన్నెండేళ్ళ తరవాత ఆమె బైరాయిట్‌కి పడమరగా ఉన్న రాతి అడవిలో సాంపరే అనే తోట వేయించినప్పుడు దానికి ఎంచుకున్న కథ ఆ టెలిమాకస్సే. గుహలకీ బండలకీ ఆ కథలోని చోట్ల పేర్లు పెట్టింది. చెట్లు కొట్టించలేదు, రాళ్ళు చెక్కించి సమం చేయించలేదు, ప్రకృతి ఎలా ఉంటే అలాగే ఉంచి మధ్యలో పాడుబడినట్టు కనిపించే ఒక నాటకశాల కట్టించింది. అన్ని తోటలూ కొలబద్ద పెట్టి గీసినట్టు ఉండే రోజుల్లో ఇది ధైర్యం.

1735లో మామగారు పోయి భర్త మార్‌గ్రేవ్, అంటే ఆ సంస్థానానికి పాలకుడు, అయ్యాడు. అప్పటి నుంచి మొదలవుతుంది ఆమె అసలు పని. బైరాయిట్ శివార్లలో ఎరమిటాజ్ అనే భవనం ఆమెకి కానుకగా వచ్చింది, దాన్ని విస్తరించి సంగీతం గది, జపనీస్ గది, చైనా అద్దాల గది చేయించింది. ఆ అద్దాల గది ఒక్కటి చెబుతాను. మామూలుగా రాజభవనాల్లో నిలువెత్తు అద్దాలు వరసగా పెట్టి వైభవం చూపిస్తారు. ఇక్కడ గోడల మీదా పైకప్పు మీదా అద్దం ముక్కలు, ఒక ముక్క ఆకారం ఇంకోదానికి కలవదు, పగిలిపోయిన అద్దాన్ని అతికించినట్టు. నిలబడితే మీ ముఖం ఒకచోట సగం, ఇంకోచోట పావు. ఆత్మకథ రాసుకున్నది ఆ గదిలోనే అంటారు. తనని తాను ముక్కలుగా చూసుకునే గదిని ఒక యువరాణి డబ్బిచ్చి చేయించుకుందంటే అది అలంకారం కోసం చేయించుకున్నది కాదని నా గట్టి నమ్మకం.

సంగీతంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. లూట్ అనే తంత్రీవాద్యం వాయించేది, ఆ కాలంలో అతి గొప్ప లూట్ విద్వాంసుడు వైస్ దగ్గర నేర్చుకుంది. 1740లో భర్త పుట్టినరోజుకి ఆర్జెనోరె అనే ఒపేరా స్వరపరిచింది. పుట్టినరోజు ఒపేరా అంటే చివరికి అందరూ కలిసి మంగళం పాడాలి. దీంట్లో అలా జరగదు. కఠినుడైన ఒక తండ్రి, రాజు, తన చేతులారా పిల్లల్ని పోగొట్టుకుని చివరికి తానూ పొడుచుకుని చనిపోతాడు. ఎవర్ని తలుచుకుని రాసిందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఏడాదే మే 31న ఆమె తండ్రి పోయాడు. ఆ స్వరాల రాతప్రతి ఇప్పటికీ అన్స్‌బాఖ్ గ్రంథాలయంలో ఉంది, మన కాలంలో మళ్ళీ ఆడుతున్నారు కూడా.

ఇక నాటకశాల. 1744లో మొదలుపెట్టారు, 1748 సెప్టెంబరులో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఎలిజబెత్ పెళ్ళికి తెరిచారు. బయట భవనం జోసెఫ్ సాంప్యేర్‌ది, లోపలంతా ఇటలీకి చెందిన జుసెప్పె బిబియేనా, ఆయన కొడుకు కార్లో చేసింది. లోపలి పని చెక్క, గుడ్డ, రంగు, బంగారు పూత. చెక్క కాబట్టే ఎప్పుడో కాలిపోవాల్సింది, ఆ కాలపు నాటకశాలలు ఎన్నో అలాగే పోయాయి. ఇది మిగిలింది, 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. జర్మన్ ఒపేరా స్వరకర్త వాగ్నర్‌ని బైరాయిట్‌కి రప్పించింది కూడా మొదట ఈ నాటకశాల రంగస్థలం లోతే. తన పనికి ఇది సరిపోదని సొంతంగా ఇంకోటి కట్టుకున్నాడు గానీ, 1872లో దాని శంకుస్థాపన రోజు బీథోవెన్ తొమ్మిదో సింఫనీ నడిపించింది ఈమె నాటకశాలలోనే.

ఇదంతా ఎవరి డబ్బు? ఈ ప్రశ్న ఎవరూ అడక్కపోయినా నేనే అడుగుతాను. చిన్న సంస్థానం, రైతుల పన్నులు, పైగా అప్పులు. ఆమె రుచి గొప్పది, ఖర్చు భరించినవాళ్ళు వేరే. ఆ మాట దాచిపెట్టి ఆమెని పొగడటం నాకిష్టం లేదు. అలాగని ఆ కాలపు ప్రతి చిన్న దొరా వేటకుక్కల మీద, గుర్రాల మీద, జూదం మీద ఇంతే తగలేశాడన్నది కూడా మరిచిపోకూడదు. వాళ్ళు వదిలివెళ్ళింది ఇలాంటిది కాదు.

1742లో ఆమె భర్త బైరాయిట్‌లో ఒక విద్యాలయం పెట్టాడు, మరుసటి ఏడాది అది ఎర్లాంగెన్‌కి మారి విశ్వవిద్యాలయం అయింది. ఆమె వైద్యుడు, చర్చల్లో ఆమెకి సమఉజ్జీ అయిన సూపర్‌విల్ దాని మొదటి ఛాన్సలర్. ఆమె పోయాక ఆమె సొంత పుస్తకాలు, నాలుగు వేలకి పైగా, ఆ విశ్వవిద్యాలయానికే వెళ్ళాయి. కానీ ఆ సంస్థలో ఆమెకి ఏ పదవీ లేదు, ఉండే వీలే లేదు. బవేరియాలో ఆడపిల్లల్ని విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులుగా చేర్చుకున్నది 1903లో. ఆమె చేత్తో తిరగేసిన పుస్తకాలు నూట నలభై ఏళ్ళకి పైగా ఆడవాళ్ళు చేరలేని బడిలో ఉన్నాయి. నాకు ఈ ఒక్క విషయం మీద ఇప్పటికీ కోపం వస్తుంది.

రాజాస్థానంలో రోజువారీ బతుకు ఎలా ఉండేదో చెప్పమని ఇందాక ఒకరు అడిగారు. 1742లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్త చక్రవర్తి పట్టాభిషేకం చూడ్డానికి మారుపేరుతో వెళ్ళింది. సామ్రాజ్ఞిని కలవాలంటే సమస్య: ఈమె ఒక రాజుకి కూతురు, ఇంకో రాజుకి అక్క, కానీ ఒక చిన్న మార్‌గ్రేవ్‌కి భార్య. ఎక్కడ కూర్చోబెట్టాలి? ఆమె మూడు కోరింది: మెట్ల కింద పరివారం ఎదురురావాలి, సామ్రాజ్ఞి గది గుమ్మం దాకా రావాలి, తనకి చేతుల కుర్చీ వెయ్యాలి. బేరాలు నడిచాయి. చివరికి తేలింది ఏమిటంటే, సామ్రాజ్ఞి బాగా చిన్న చేతుల కుర్చీలో కూర్చుంటుంది, ఈమెకి వీపు ఆనుకునే పెద్ద కుర్చీ వేస్తారు. ఇది చిల్లర గొడవ అనుకుంటాం. కానీ ఆ లోకంలో ఆడదానికి ఉన్న బలమంతా ఆ కుర్చీలోనే ఉంది. వదిలేస్తే రేపు ఆమె భర్త మాటకి విలువ తగ్గుతుంది, ఎల్లుండి కూతురి సంబంధం తగ్గుతుంది.

భర్త మంచివాడే, మొదట్లో ఇద్దరూ చాలా ఇష్టంగా ఉన్నారు. తరవాత ఆయన జోన్స్‌ఫెల్డ్ మేనకోడలు, ఆమె పరివారంలోనే ఉన్న మార్విట్స్ అనే అమ్మాయితో సంబంధం పెట్టుకున్నాడు. విల్హెల్మీనా చాలాకాలం కళ్ళెదుట ఉన్నది నమ్మలేదు. నమ్మాక ఆ అమ్మాయికి 1744లో ఒక ఆస్ట్రియా కౌంట్‌తో పెళ్ళి చేసి పంపేసింది. మార్విట్స్ ఇంటి ఆడపిల్లల్ని ప్రష్యా బయట ఇవ్వకూడదని విల్హెల్మీనా వెనక తన తండ్రికి మాటిచ్చి ఉంది. ఫ్రెడరిక్ మండిపడ్డాడు. మరుసటి ఏడాది అతని బద్ధశత్రువు, ఆస్ట్రియా పాలకురాలు మరియా తెరెసాని దారిలో కలవడంతో ఇంకా చెడింది. ఆత్మకథలో చాలాభాగం ఆమె రాసింది ఈ మాటలు లేని రోజుల్లో. తమ్ముడి మీద అక్కడక్కడా కనిపించే చేదుకి కారణం అదే, అది పట్టించుకోకుండా చదివితే తప్పుగా అర్థమవుతుంది.

తరవాత కలిసిపోయారు. 1748లో ఈమె కుక్క ఫోలిషోన్, ఆయన కుక్క బీష్ ఒకదానికొకటి ఫ్రెంచ్‌లో ఉత్తరాలు రాసుకున్నాయి, అంటే వీళ్ళిద్దరే రాశారు. నలభైకి దగ్గరపడిన మనుషులు, ఒకరు యుద్ధాలు చేసిన రాజు. చిన్నప్పుడు ఆడుకోనివ్వని పిల్లలు పెద్దయ్యాక ఆడుకున్నారు అనిపిస్తుంది నాకు.

1757లో ఫ్రెడరిక్ చుట్టూ శత్రువులు మూగి, కొలీన్ దగ్గర ఓడిపోయి, చచ్చిపోతానని రాస్తున్నప్పుడు ఈమె జబ్బు మంచం మీద నుంచి రాయబారం నడిపింది. ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ 1743లో బైరాయిట్ వచ్చి ఉన్నాడు, అప్పటి నుంచి ఉత్తరాలు నడుస్తున్నాయి. ఆయన ద్వారా ఫ్రాన్స్‌లో ఒక కార్డినల్‌కి సంధి మాట పంపింది. ఇంకోవైపు, ఫ్రాన్స్ రాజు ప్రియురాలు పాంపదూర్ గారు సంధి కుదిరిస్తే అయిదు లక్షల థేలర్ల దాకా ఇస్తానని ఫ్రెడరిక్ రాస్తే, ఆ మాటతో మనిషిని పంపే పనీ ఈమే చూసింది. ఏదీ ఫలించలేదు. చదువు, ఉత్తరాల్లో నేర్పు, యూరప్ అంతా పరిచయాలు, ఇవన్నీ పెట్టుబడి పెట్టినా ఆమెకి అధికారికంగా ఎవరి తరఫునా మాట్లాడే హక్కు లేదు. ప్రతిదీ ఒక మగవాడి పేరు మీదుగా, ఒక స్నేహం మీదుగా వెళ్ళాలి.

1758 అక్టోబరు 14న, హోఖ్‌కిర్ఖ్ దగ్గర ఫ్రెడరిక్ చావుతప్పి ఓడిపోయిన రోజే, ఆమె పోయింది. కబురు అందాక ఆయన కోలుకోడానికి చాలాకాలం పట్టింది, ఆమె మీద కవిత రాయమని వోల్టేర్‌ని అడిగి రాయించుకున్నాడు. పదేళ్ళ తరవాత పోట్స్‌డామ్ తోటలో ఆమె పేర స్నేహమందిరం కట్టించాడు.

ఆత్మకథ మాత్రం 1810 దాకా అచ్చు కాలేదు. అచ్చయ్యాక ప్రష్యా చరిత్రకారులకి కోపం వచ్చింది. తేదీలు తప్పు, సంఘటనలు పెంచి రాసింది, తండ్రి రాజుని రాక్షసుణ్ణి చేసింది అన్నారు. తేదీల విషయంలో వాళ్ళన్నది నిజమే, పెంచి రాసిన చోట్లూ ఉన్నాయి. కానీ మంచం కింద రెండు గంటలు దాక్కున్న పిల్ల ఆ ఇంటి గురించి చెప్పే మాట, రాజుగారి దఫ్తరంలో కాయితాలు చదివి చెప్పే మాట కంటే నాకు తక్కువేం కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. చదవాలనుకునేవాళ్ళకి ఒక సలహా: పుట్టుక నుంచి కాకుండా 1732లో బైరాయిట్ చేరే చోట మొదలుపెట్టండి, ఆమె గొంతు అక్కడ బాగా పట్టుకుంటుంది, తరవాత వెనక్కి వెళ్ళండి. ఇంకొకటి, పుస్తకం 1742 దగ్గర ఆగిపోతుంది. అంటే నాటకశాల, సాంపరే, 1754లో బయల్దేరిన ఇటలీ ప్రయాణం, సంధి ప్రయత్నాలు ఇవేవీ దాంట్లో ఉండవు. వాటికోసం తమ్ముడితో ఉత్తరాలే దిక్కు. ఆ ఉత్తరాలు తెలుగులోకి ఎవరైనా తెస్తే బాగుండునని నా కోరిక, ఇక్కడ ఫ్రెంచ్ వచ్చిన కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇక మీ ప్రశ్నలు చెప్పండి.